చిట్టా ఎవరి చేతిలో?

మా ఇంట్లో ఓ రేకు పెట్టె ఉంది. దాన్నిండా నాయిన దాచిన తక్‌పట్టీలు. కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాసిన పాతవి ఇప్పటికీ చదవొచ్చు: బస్తాలెన్ని, తూకమెంత, హమాలీ ఎంత, చేతికొచ్చిందెంత. ఈమధ్య మెషీన్లోంచి వచ్చిన బిల్లులు మాత్రం తెల్లబడిపోయాయి. "కంప్యూటర్ల ఉంటది తియ్యిరా" అంటాడు నాయిన.

ఉంటుందా? 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైన తొలి 21 మార్కెట్లలో మా తిరుమలగిరి ఒకటి. గేటు ఎంట్రీ, లాటు నంబరు, బిడ్డింగ్, తూకం, బిల్లు అన్నీ కంప్యూటర్లోకే. మంచిదే. కానీ ఆ లెక్క ఎన్నాళ్లుండాలి?

చట్టాలు గడువులు చెప్తాయి. కంపెనీల చట్టం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పద్దులు దాచమంటుంది. జీఎస్టీ చట్టమైతే వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. 2000 నాటి ఐటీ చట్టం ఏడో సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, దాచిన రికార్డు తర్వాతెప్పుడైనా తెరిచి చూసేలా ఉండాలంటుంది. అంటే తెరుచుకోని ఫైలు దాచినట్టు లెక్క కాదు. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా పాత లెక్కని ఎవరో ఒకరు కొత్త దాంట్లోకి మోసుకురావాలి.

దాచినంత మాత్రాన లెక్క నిజమైపోదు కూడా. 2009లో బయటపడ్డ సత్యం కుంభకోణంలో వేల నకిలీ ఇన్వాయిస్‌లు కంపెనీ కంప్యూటర్లలోనే పుట్టాయి. అయితే వాటి జాడా అక్కడే మిగిలింది. చెరిపేసి ఉంటే దర్యాప్తుకి ఏం దొరికేది?

మరి లెక్కలన్నీ కలకాలం ఉండాల్సిందేనా? ఇక్కడ నాకు మా జిల్లా చరిత్రే అడ్డొస్తుంది. సాయుధ పోరాటం రోజుల్లో నల్లగొండ పల్లెల్లో జనం అప్పు పత్రాలు తగలబెట్టారు. అది తప్పని నేననలేను. వాళ్లు కాల్చింది నిజాన్ని కాదు. పత్రం దొర పెట్టెలో ఉండేది, అందులో ఏం రాసుందో వేలిముద్ర వేసినవాడికి తెలిసేది కాదు. ఆ ఒంటిచేతి లెక్కని కాల్చారు.

సర్వరు కూడా ఒకరి చేతిలోనే ఉంటుంది. అందుకే ఎన్నేళ్లు దాచాలనే దానికన్నా ముందు అడగాల్సింది, అందులో పేరున్న మనిషి దాన్ని తెరిచి చూడగలడా, తన కాపీ తాను తీసుకోగలడా అని. అది కుదరనప్పుడు రికార్డు ఎంత భద్రంగా ఉన్నా దొర పెట్టెకి దానికి పెద్ద తేడా లేదు.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు, నాయిన గుర్తు చేసుకుని చెప్తుంటే, తెల్లబడ్డ బిల్లుల వెనక పెన్నుతో రాశాను. రేపెవరైనా అడిగితే అది సాక్ష్యం కింద చెల్లదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా పెట్టెలో పెట్టి తాళం వేశాడు.