పనిచేయు యంత్రము పాతదగునా?

మా సంఘపు గదిలో కానుకల లెక్కలు వ్రాయు కంప్యూటరు తొమ్మిదేండ్లనాటిది. మీట నొక్కగానే వెలుగును, లెక్క తప్పదు. అయినను బాగుచేయు కుర్రవాడు వచ్చి చూచి, "దీని కాలము తీరినదండి అయ్యగారూ, క్రొత్తది కొనండి" అనెను. ఏమి చెడినది నాయనా అని అడిగితిని. ఏమియు చెడలేదట!

బండి ఇరుసు అరిగినయెడల బండి పాతదాయెనందుము. ఆ అరుగుదల కంటికి కనబడును. ఇది అట్టిది కాదు. దీనిని నడిపించు విండోస్ 10 అను సాఫ్ట్‌వేరు 2015లో వచ్చినది. దొంగలు దూరగల కంతలు అందులో ఎప్పటికప్పుడు బయటపడుచుండును. దానిని చేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీవారు నెలనెలా రెండవ మంగళవారమున వాటిని పూడ్చుచు వచ్చిరి. 2025 అక్టోబరు 14తో ఆ మామూలు కాపలా ముగిసెను. పొడిగింపు కొంత ఉన్నను అదియు గడువు గలదే. పోనీ విండోస్ 11 పెట్టుకొందమన్న, 2017కు ముందటి ప్రాసెసర్లు గల యంత్రములలో చాలావాటికి అది ఒప్పుకొనదు.

బండి చేసిన వడ్రంగి ఊరు విడిచిపోయినను మరియొక వడ్రంగి దానిని బాగుచేయును. కఱ్ఱ అందరికిని కనబడునుగదా. విండోస్ లోపలి వ్రాత మాత్రము కంపెనీవారి తాళములో నున్నది. బాగుచేయు హక్కు ఒక్కరే ఉంచుకొన్నప్పుడు, ఇష్టము వచ్చినప్పుడు మానుకొను హక్కు కూడ వారికి పూర్తిగా ఉండవచ్చునా?

వారి పక్షమున న్యాయము లేకపోలేదు. ఎన్ని పాతవాటినని ఎల్లకాలము మోయుదురు? గడువును ముందే ప్రకటించిరి కూడ. (కొన్ననాడు మనము అడుగలేదు, అమ్మినవాడు చెప్పలేదు.) అయితే 2017 మే నెలలో వానాక్రై అను వైరసు ఇంగ్లాండు ఆసుపత్రుల పనిని సహా ఆపివేసినప్పుడు, 2014లోనే విడిచిపెట్టిన విండోస్ ఎక్స్‌పీకి సహితము వారు దిద్దుబాటు పంపిరి. చేతగాక విడువలేదని అప్పుడు తేలినది.

నడిచినన్నాళ్లు నడుపుదమందుమా? అందులో విధవరాండ్ర సహాయనిధి పేర్లు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఉన్నవి. కంతల గోడ వెనుక ఇతరుల సొమ్ము దాచుటకు మనకు సెలవిచ్చినదెవరు?

లినక్స్ అని మరియొకటి ఉన్నది. దాని లోపలి వ్రాత అందరికిని తెరచియున్నది గనుక చేతనైనవారెవరైనను దిద్దవచ్చును, ఊరకనే దొరకును, అనేక పాత యంత్రములపై నడచును. మా ప్రింటరు దానితో కుదురునో లేదో చూడవలెనని కుర్రవాడనెను. అందాక ఇంటర్నెట్ తీగను లాగివేసితిమి. లెక్కలు మాత్రము దానిలోనే వ్రాయుచున్నాము.