అమావాస్య ధర

ఇదివరకు ముహూర్తం అడగడానికి వచ్చేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఇప్పుడు ఫోను నా ముందు పెడుతున్నారు. తెర మీద నెలంతా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. ఒక్కో తేదీ కింద షార్జా నుంచి సూరత్‌కు విమానం ధర. తక్కువవి పచ్చగా, ఎక్కువవి ఎర్రగా. "అయ్యగారూ, ఈ పచ్చగున్న దినాలల్ల మంచిదేదన్న ఉంటె జూడుండ్రి" అంటారు. తారాబలం, చంద్రబలం సరే, ధరబలం కూడా చూడమంటున్నారన్నమాట. నవ్వు వస్తుంది గానీ తప్పు పట్టలేను. ఏడాదంతా పరాయి ఎండలో పనిచేసి దాచుకున్న డబ్బు అది.

మాది ధర్మపురి. గోదావరి ఒడ్డున నేర్చిన పౌరోహిత్యాన్ని తపతి ఒడ్డున ఉన్న సూరత్‌కు తెచ్చుకున్నాను. లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా వైపు తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతలు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వచ్చారు. మనవళ్ళలో కొందరు ఎడారి దేశాలకు వెళ్ళారు. ముంబైకి రైలెక్కి అక్కడ విమానం పట్టుకునేవాళ్ళకు 2019 ఫిబ్రవరిలో సూరత్ నుంచే షార్జాకు విమానం వచ్చింది. 2023 డిసెంబరులో కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు దుబాయ్‌కూ మొదలైంది. ఇంతకుముందు పండక్కి రాకపోతే దూరమని సర్దిచెప్పుకునేవారు. విమానం ఇంటిదాకా వచ్చాక ఆ మాట చెల్లడం లేదు. ఇక ధర ఒక్కటే మిగిలింది. అందుకే ప్రశ్న నా దగ్గరికి వచ్చింది: దీపావళి నాడే రావాలా? నాలుగు రోజులు ఆగి చవగ్గా వస్తే పండగ పండగ కాకుండా పోతుందా?

ముందు తిథి సంగతి. అది జనం అనుకునేంత గట్టిది కాదు. పండగ ఏ రోజన్నది సూర్యోదయాన్ని బట్టి తేలేది కొన్నింటికే. వినాయక చవితికి మధ్యాహ్నం తిథి ఉండాలి, దసరాకు అపరాహ్ణం, దీపావళికి ప్రదోషం. తిథి రెండు రోజుల మీదికి పాకితే ఏ రోజు తీసుకోవాలన్నదే నిర్ణయసింధువు, ధర్మసింధువు వంటి గ్రంథాల పని. 2024లో అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం దాటాక మొదలై నవంబర్ 1 సాయంత్రం దాకా ఉంది. దేశంలో పండితులే రెండుగా చీలారు. ఇక్కడి గుజరాతీలు 31న దీపావళి చేసి, 2న కొత్త సంవత్సరం చేసుకున్నారు. మధ్యలో మిగిలిన రోజు ఏ పండగదీ కాదు. దాన్ని ధోకో అంటారు, పడతర్ దివస్ అని కూడా. ఏ పండగకూ చెందని ఆ రోజంటే నాకెందుకో ఇష్టం. ఊరంతా కొత్త బట్టలు మడత పెట్టుకుని రేపటికోసం కూర్చుంటుంది.

ఇక ధర. ఒకే వరసలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు డబ్బు కట్టి ఉంటారు. విమానంలో సీట్లను ధరలవారీగా విడగొట్టి అమ్ముతారు. చవక వాటా అయిపోతే పై వాటా తెరుచుకుంటుంది. విమానాలు పెంచుదామన్నా హద్దుంది. దుబాయ్‌కి మనకు మధ్య వారానికి ఒక్కో పక్షానికి సుమారు 65 వేల సీట్లని రెండు ప్రభుత్వాల ఒప్పందం. పండగల ముందు వారాల్లో అక్కణ్ణించి ఇటు వచ్చే టికెట్లు మండుతాయి, పండగయ్యాక ఇటునుంచి వెళ్ళేవి మండుతాయి. అంటే రేటు పెంచేది చంద్రుడు కాదు. అందరమూ ఒకే అమావాస్యను కోరుకుంటున్నాం, అదీ సంగతి. రైల్లో వెళ్ళేవాళ్ళు ఇదే ధరను ఒంటితో కడతారు. 2023 నవంబర్‌లో దీపావళి ముందురోజు సూరత్ స్టేషన్లో బీహార్ రైలు కోసం జరిగిన తొక్కిసలాటలో ఒక మనిషి పోయాడు.

ఫలానా నాటికి ఇంట్లో ఉండి తీరాలన్న ఈ పట్టుదల ఎప్పటిదా అని ఆలోచిస్తుంటాను. ఈ ఊరికి పుణ్యప్రయాణాలు కొత్త కాదు. మొఘలుల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు సూరత్ రేవు నుంచే కదిలేవి. నాన్‌పురాలో మక్కాయి పుల్ అన్న పేరు ఇంకా ఉంది. ఓడ ఒక గాలికి వెళ్ళి మరో గాలికి తిరిగొచ్చేది. 1695లో ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీ మనుషులతో, సొమ్ముతో సూరత్‌కు తిరిగొస్తుండగా దారిలోనే ఇంగ్లీషు దొంగలు దోచారు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు మనిషి వస్తే చాలనుకునేవారు. ఏ తిథికి అని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది?

శాస్త్రం కూడా రాలేని మనిషిని మరిచిపోలేదు. ప్రతి కర్మకూ ముఖ్యకాలం ఒకటి, అది తప్పితే గౌణకాలం ఒకటి చెప్పింది. మహాలయ పక్షంలో తండ్రి తిథి నాడు శ్రాద్ధం పెట్టలేకపోయినవాడికి అమావాస్య ఉంది. అదీ కుదరకపోతే సూర్యుడు వృశ్చికంలోకి వెళ్ళేదాకా సమయం ఉంది. ఆబ్దికం గురించి గల్ఫ్ పిల్లలు భయపడుతూ ఫోను చేస్తారు, రాకపోతే పాపమా అని. దానికోసం అప్పు చేసి టికెట్టు కొనమని నేనెవరికీ చెప్పలేదు. ఉన్నచోటే నువ్వులూ నీళ్ళూ వదలమంటాను.

చోటు విషయమూ అంతే. సంకల్పంలో మనం ఎక్కడున్నామో చెప్పుకోకుండా పూజ మొదలవదు. తెలుగువాళ్ళం ఎక్కడున్నా శ్రీశైలం నుంచి దిక్కు చెప్పుకుంటాం. ధర్మపురిలో అయితే ఉత్తరం, సూరత్‌లో వాయవ్యం. లెక్కకు షార్జా కూడా వాయవ్యమే, కాకపోతే సముద్రం దాటి. అమెరికాలో మన పురోహితులు జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అంటారు. సొంతిల్లయితే స్వగృహే అని, అద్దెదయితే వసతిగృహే అని చెబుతాం. ఎక్కడున్నావని తప్ప ఎక్కడ ఉండాల్సిందని ఆ మంత్రంలో ఎక్కడా అడగరు. పది మంది ఒక గదిలో సర్దుకుని ఉండే కుర్రాడు మంచం పక్కన దీపం పెట్టుకుంటే అతని దీపావళి పూర్తయినట్టే. వైదికంగా నేనింతకన్నా కోరలేను.

ఇక్కడే ఒక చిక్కుంది. కర్మలో ప్రతినిధిని పెట్టుకోవచ్చు. మొగుడు ఊళ్ళో లేకపోతే ఇల్లాలు, తండ్రి బదులు కొడుకు, ఎవరూ లేకపోతే పురోహితుడు. అయితే ఆ వెసులుబాటు నిత్య నైమిత్తికాలకే. కోరికతో చేసే కామ్యకర్మకు ప్రతినిధి లేడు. ఎవరి కోరిక వాళ్ళే మోసుకోవాలి. మీమాంసకులు యజ్ఞాల గురించి చేసిన ఈ విభజన విమానం టికెట్లకు ఇంత చక్కగా అతుకుతుందని చదువుకునే రోజుల్లో ఊహించలేదు.

సాంచాలు దీపావళికే ఆగుతాయి. బతుకమ్మకు, దసరాకు ఇక్కడ పెద్ద సెలవుండదు. ఆడవాళ్ళు పని దిగి వచ్చి, తంగేడు, గునుగు దొరక్క బంతిపూలతో బతుకమ్మను పేర్చుకుని, పక్క గల్లీలో గర్బా పాటలు మోగుతుంటే తమ పాట తాము పాడుకుంటారు. దీపావళికి మాత్రం లాభ్ పాంచమ్ దాకా, అంటే కార్తీక శుద్ధ పంచమి దాకా, మార్కెట్లు మూసి ఉంటాయి. ఇల్లంతా ఒక్కచోట ఉండేది అప్పుడే. అందుకే ఆ పండగ మీద అంత ఆశ. పర్వత్ పాటియాలో ఒకావిడ కొడుకు షార్జాలో ఏసీ మెకానిక్. లాభ్ పాంచమ్ నాటికి వస్తే టికెట్టు చాలా తగ్గుతుంది, ఆ రోజూ ఇక్కడ లక్ష్మీపూజే, దుకాణాల్లో కొత్త ఖాతా తెరిచే రోజు, నేనే వచ్చి పూజ చేయిస్తానని చెప్పాను.

"దేవుడు ఏడున్నా ఒక్కడే అని మాకు తెల్వదా అయ్యగారూ? నేను దేవుని కోసం రమ్మంటలేను. లైన్ల అందరి పోరగాళ్ళు పటాకలు కాలుస్తుంటె నా గడప ముందట ఎవ్వరుండరు."

"అయితే అమ్మా, ఆ డబ్బు దేవుడి ఖాతాలో రాయకు. నీ ఖాతాలో రాసుకో. పిల్లవాడికి కూడా అట్లాగే చెప్పు" అన్నాను.

నేనన్నది కఠినంగా అనిపించవచ్చు. కానీ పండక్కి రాకపోతే అరిష్టమని భయపెట్టి పిల్లల చేత అప్పు టికెట్లు కొనిపించే ఇళ్ళు నాకు తెలుసు. నిన్ను చూడాలని ఉంది రా అంటే ఆ పిల్లవాడు తన జీతం, తన సెలవు చూసుకుని రావాలా వద్దా తేల్చుకుంటాడు. దేవుడి పేరు అడ్డం పెడితే ఇక లెక్క చూసుకునే వీలే లేదు. కోరిక తక్కువదని కూడా నేననను. దాన్ని తీర్చే ప్రతినిధి లేడని శాస్త్రమే ఒప్పుకుంది. నేను వీడియో కాల్ పెట్టి అక్షతలు వేయించగలను గానీ ఆమె గడప ముందు నిలబడలేను.

ఆవిడ అంతా విన్నది, తలూపింది, ఎక్కువ ధర టికెట్టే కొనిపించింది. చెవుల కమ్మలు తాకట్టు పెట్టి సగం తానే పంపింది. కొడుకు ధన్‌తేరస్ నాటికి దిగాడు. అతను తిరిగి వెళ్ళాక మా ఇంటికి వచ్చి వచ్చే ఏడు అమావాస్య ఎన్నడని అడిగింది. 2025లో అక్టోబర్ 20న వచ్చింది కదా, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి నవంబర్ 8కి పోతుందని చెప్పాను. పాత తేదీ పట్టుకుని కొంటే డబ్బు దండగ అని కూడా.

"మరి ఇప్పుడే కొంటె అగ్గువకు వస్తదా?"

"విమానాల వాళ్ళు దాదాపు ఏడాది ముందు అమ్మకం తెరుస్తారమ్మా. డిసెంబరులో అడుగు. ముందు కమ్మలు విడిపించుకో."