భుజములు తడుముకొనువాడు

గుమ్మడికాయల దొంగ యెవడనగానే భుజములు తడుముకొనువానిని చూచి మనము నవ్వుదుము. వాని రాత్రులను మాత్రము ఎరుగము.

మేమెరిగిన యొక చిన్నవాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో నుండి ఉద్యోగపు పరీక్షకు చదువుచుండెను. తండ్రి పాడిగేదెను అమ్మి పంపిన ఫీజు సొమ్మును ఫోనులో జూదమాడి పోగొట్టెను. నాటినుండి ఇంటివారు ఫోను చేసినను గుండె జారును. నల్గొండ, సూర్యాపేట బస్సులు ఆగు ఎల్.బి. నగర్ మెట్రోలో మూడవ స్టేషనే. అయినను అటు పోవుట మానెను. అక్కడ దిగువారందరు తన్నే వెదకుచు వచ్చిరని అతని తలంపు. రాత్రి భోజనము మాని తనకు తానే శిక్ష వేసికొనెను. అతడు మానిన అన్నముతో గేదె తిరిగి రాలేదు.

యోసేపు అన్నలును ఇట్టివారే. ఆదికాండము 43వ అధ్యాయములో ఐగుప్తు అధిపతి భోజనమునకు పిలువగా, తమ్మును దాసులుగా చేసి గాడిదలను లాగుకొనుటకేనని వణకిరి. ఐగుప్తును ఏలువానికి వీరి గాడిదలెందుకో! యాకోబు అక్కడ బ్రదికిన 17 సంవత్సరములు యోసేపు పెట్టినదే తినిరి. అయినను తండ్రి పోగానే, ఇక పగ తీర్చుకొనునని భయపడి, మేము నీ దాసులమని సాగిలపడిరి. యోసేపు ఏడ్చెను. అన్నము పెట్టిన చేతినే శంకించిరి గదా! మన శిక్షను ప్రభువు భరించియుండగా మనమును మరల కొరడా పట్టుకొందుమా?

ఆ చిన్నవాడు ఒక తెల్లవారుజామున ఎల్.బి. నగర్‌లో బస్సెక్కెను. ఇల్లు చేరి, దాచక చెప్పెను. తండ్రి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అన్నము తిన్నావురా?" అని యడిగెను.