గింజ కట్టని శుభం

సున్నిపెంటలో శ్రీశైలం డ్యామ్ పనివాళ్ల కోసం వెలిసిన కాలనీలో, ఒక ఇంట్లో సీమంతానికి వెళ్లాను. పీట మీద కూర్చున్న అమ్మాయి కాళ్లకు ముత్తైదువలు వరసగా పసుపు రాస్తున్నారు. గిన్నెలో ఆ పసుపు కలిపిన మేనత్త మాత్రం వంటింటి గడప దాటలేదు.

"నువ్వూ రా అత్తా," అంది అమ్మాయి.

"చేతులు తడిగా ఉన్నాయిలేమ్మా."

తడేమీ లేదు. మణికట్టు దాకా పసుపే. ఆమె కూడా ముత్తైదువే, కాకపోతే పిల్లల్లేరు.

ఆ గిన్నెలో ఉన్నదాని సంగతి చూడండి. పసుపు మొక్క పూస్తుంది, ఎక్కడో అరుదుగా తప్ప గింజ కట్టదు. దాని క్రోమోజోములు 63, అంటే 21 చొప్పున మూడు వరసలు. బేసి లెక్క కాబట్టి జత కుదరదు. మన నోటి మాటలో చెప్పాలంటే గొడ్డు మొక్క. దుంప మొలిస్తేనే దానికి మరుసటేడు. గొడ్రాలు ఎదురొస్తే అపశకునమనే మనం, గొడ్డు మొక్కను గడపకు రాసి లక్ష్మి అంటున్నాం!

సున్నిపెంట చుట్టూ నల్లమలలో తొలకరికి అడవి పసుపు లేస్తుంది. పచ్చటి పూలు, పైన గులాబీ రంగు కుచ్చు. ఎండలకు ఆకు మాడిపోయి దుంప మట్టిలో పడుకుంటుంది. ఇలాంటి అడవి జాతుల్లో గింజ కట్టేవి ఉన్నాయి. సంతానమే శుభానికి కొలత అయితే గడపకు రాయాల్సింది వాటిని కదా?

ఆచారానికి తర్కం వెతకకూడదంటారు. వెతకొద్దు సరే, దాని ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడొద్దా? భర్త పోయాక పసుపు దూరమయ్యే ఆడవాళ్ల సంగతి ఇంకా పెద్దది, ఇక్కడ పట్టదు.

రైతు మాట నాకు నచ్చుతుంది. నల్లమల దిగి, ఆళ్లగడ్డ దాటి దక్షిణానికి వెళ్తే మైదుకూరు. ఆ పేరుతోనే ఒక పసుపు రకం ఉంది, తొమ్మిది నెలల పంట. తవ్వినప్పుడు నడిమి దాన్ని తల్లి దుంప అంటారు, పక్కన పుట్టినవి పిల్ల కొమ్ములు. గింజ లేకపోయినా తల్లి తల్లే. ఆ పేరు పెట్టినవాళ్లు శాస్త్రం చదివినవాళ్లు కారు, రోజూ మట్టిలో చెయ్యి పెట్టినవాళ్లు.

మీ ఇంట్లో సీమంతం జరిగితే, పసుపు కలిపిన ఆమెను పీట దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఆ రోజు నేను ఆ పని చెయ్యలేదు, పులిహోర తిని వచ్చేశాను.