అపరాధి యెవడు?

ధ్యాన భాగము: 2 సమూయేలు 12:1-14



మన గ్రామములనుండి విశాఖపట్టణపు ఓడరేవునకును ఉక్కు కర్మాగారమునకును పనికి వెళ్లు యౌవనస్థులు అనేకులున్నారు. గాజువాక మార్గమున బస్సులో కూర్చున్నవారిని చూడుడి. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని కొందరు పాటలు వినుచుందురు. కొందరు హత్యకథలు వినుచుందురు. వారి తండ్రులు ఇట్టి కథలనే అద్దె పుస్తకముల దుకాణమునుండి తెచ్చుకొని రాత్రివేళ చదివిరి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధర్, అతని సహాయకుడు రాజు, మధుబాబు సృష్టించిన షాడో, వీరందరు తెలుగు ఇండ్లలో చుట్టములవలె తిరిగిరి. నేడు పుస్తకము ఫోనులోనికి వచ్చెను. కంటి పని చెవికి వచ్చెను. కోరిక మాత్రము మారలేదు. అపరాధి యెవడో తెలిసికొనవలెను!

ఇట్టివి చదువుటయు వినుటయు పాపమా? మరుగైనది బయటపడవలెనను ఆశ చెడ్డది కాదు. అన్యాయముగా చంపబడినవాని పక్షమున న్యాయము జరుగవలెనని కోరుట దేవుడు మన హృదయములో ఉంచిన గుణమే. సాక్షులు లేని తగవులో సొలొమోను రాజు నిజమైన తల్లిని కనుగొనిన వృత్తాంతమును (1 రాజులు 3:16-28) ఆదివారపు బడి పిల్లలు ఊపిరి బిగబట్టి విందురు. ఆకాను తన డేరాలో పాతిపెట్టిన సొత్తు బయటపడిన విధము యెహోషువ 7వ అధ్యాయములో నున్నది. కాబట్టి పని చేసి అలసినవాడు ఒక మంచి కథ విని సేదదీరినయెడల అతనిని గద్దింపనక్కరలేదు. అయితే ఆ కథను మనము ఎట్లు వినుచున్నాము? ఇదియే ప్రశ్న.

మొదటిది: మన అపరాధమును మరచి వినవద్దు.

ఊరియా మరణము ఎంత నేర్పుగా జరిగెనో 11వ అధ్యాయములో చూడుడి. తన చావును కోరు ఉత్తరమును ఊరియాయే తన చేతితో యోవాబునొద్దకు మోసికొనిపోయెను. అతడు పడినది యుద్ధరంగములో, చంపించినవాడు యెరూషలేములో. ఏ డిటెక్టివునకును చిక్కని అపరాధము! అప్పుడు నాతాను వచ్చి రాజుమీద నేరము మోపలేదు. ఒక కథ చెప్పెను. మందలుగల ధనవంతుడు, ఒక్కటే గొఱ్ఱెపిల్లగల బీదవాడు, దానిని తన కుమార్తెవలె పెంచుకొనిన ఆ బీదవాని ప్రేమ, ఆ ధనవంతుడు చేసిన దోపిడి. దావీదు చెవియొగ్గి వినెను, మండిపడెను, వెంటనే తీర్పు చెప్పెను. ఆ ధనవంతుడు మరెవరో కాడు, రాజే అని ప్రవక్త తెలిపిన క్షణమున, న్యాయాధిపతి దోషిగా నిలిచెను.

ఇంగ్లీషు క్రైస్తవ రచయిత జి. కె. చెస్టర్టన్ 1911వ సంవత్సరమున ఫాదర్ బ్రౌన్ అను గురువును గూర్చిన కథల సంపుటిని ప్రకటించెను. ఆ గురువు హంతకులను ఎట్లు కనిపెట్టుచున్నాడని తరువాతి కథలో ఒకరు అడుగుదురు. అదే దుర్బుద్ధి తన హృదయములోను ఉండవచ్చునని తెలిసికొనుటయే అతని రహస్యము. కథలోని దొంగను చూచి మనము కోపించునప్పుడు, మన తూనికలో మోసము లేదా? తోబుట్టువు గట్టును మనము జరుపలేదా? అని అడుగుకొనుట మేలు.

రెండవది: చంపబడినవానిని మరచి వినవద్దు.

కల్పిత కథ వేరు, జరిగిన హత్య వేరు. నేడు నిజమైన నేరములనే కథలుగా అల్లి, సంగీతము చేర్చి వినిపించుచున్నారు. ఒక గ్రామములో ఒక ఆడబిడ్డ మరణించినదనుకొనుడి. సాయంకాలమునకు ఆమె ఫొటో వంద ఫోనులకు చేరును. రచ్చబండయొద్ద ప్రతివాడును డిటెక్టివే! ఒకడు భర్త అనును, ఒకడు మరిది అనును, ఒకడు ఆ బిడ్డ నడతనే తప్పుపట్టును. ఆమె తల్లి యింటికి ఒక చెంబుడు మజ్జిగ తీసికొనిపోయినవారు ఎందరు?

ఆదికాండము 4వ అధ్యాయమును చూడుడి. చంపినవాడెవడో దేవునికి తెలియును. ఆయన కయీనును మొదట అడిగినది అతని తమ్ముని గూర్చియే. మన కథలలో చనిపోయినవాడు మొదటి పుటలో పడియుండును. పిమ్మట వానిని తలచువాడు లేడు. దేవుడైతే హేబెలును మరువలేదు. అతని రక్తపు మొఱ్ఱను వినెను. నిజమైన మరణమును వినోదముగా వినుచున్నామని తోచినప్పుడు ఫోను ఆపి, ఆ కుటుంబము కొరకు ప్రార్థింపుడి.

మూడవది: దేవుని కథ పట్టుబడుటతో ముగియదు.

నవలలో అపరాధి దొరకగానే పుస్తకము మూయుదుము. దావీదు తన పాపమును ఒప్పుకొనెను; యెహోవా దానిని పరిహరించెనని నాతాను చెప్పెను. అయినను ఆ పాపఫలము అతని యింట ఎంతో దుఃఖము కలిగించెను. కాబట్టి క్షమాపణ పొందినవాడు పోలీసువారికి అబద్ధమాడవచ్చునని తలంపకుడి. తోటివానికి నష్టము చేసినవాడు దానిని తీర్చవలెను, చట్టమునకు లోబడవలెను.

విశాఖ ఉక్కు కర్మాగారములోని మూడు పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిరి. వాటిలో ఇనుపరాయితోను బొగ్గుతోను సున్నపురాయిని కూడ వేయుదురు. మహా వేడిలో ఆ సున్నము రాతిలోని మలినముతో కలిసి చిట్టెమగును. చిట్టెము తేలిక గనుక కరిగిన ఇనుము మీద తేలును. దానిని వేరుగా తీసివేయుదురు. కొలిమి మండునది ఇనుమును నాశనము చేయుటకు కాదు, దానిని పొందుటకే. దేవుడు మన పాపమును పైకి తెచ్చుటయు ఇట్టిదే. ఆయన వెదకునది మన నేరమును మాత్రమే కాదు, మనలను. ఇందుకొరకే నిరపరాధియైన క్రీస్తు అపరాధుల మధ్య సిలువ వేయబడెను.

చదువు రాని మన అవ్వలు వాక్యమును చెవితోనే నేర్చుకొనిరి. వినుట వలన విశ్వాసము కలుగునని పౌలు బోధించెను (రోమా 10:17). చెవి గొప్ప ద్వారము. ఈ నెలలో ఏ అపరాధ పరిశోధన కథ విన్నను, అది ముగిసిన పిమ్మట ఒక నిమిషము మౌనముగా నుండి, దావీదు కూర్చున్న చోట కూర్చుండి, నాతాను మాట కొరకు చెవియొగ్గుడి.

ప్రార్థన: ప్రభువా, ఇతరుల దోషమును కనుగొనుటకు చురుకైన మా కన్నులను మా హృదయము తట్టు త్రిప్పుము. చంపబడినవారి కుటుంబములను ఆదరించుము. మా చిట్టెమును తీసివేసి మమ్మును నీ సొత్తుగా చేసికొనుము. ఆమేన్.