స్వయంప్రభ బిలము

మూసాపేట నుండి ముంబయికి వెళ్ళిన వైష్ణవ గృహస్థులు కొందరు ఒకనాడు పడవనెక్కి, గంటసేపు సముద్రముపై పయనించి, ఘారాపురి గుహలను దర్శింతురు. 5 మీటర్లకు మించిన సదాశివమూర్తిని చూచి విస్మితులగుదురు. శివుని గుహకు మనమేల యని సంకోచించువారును కలరు. శ్రీరామదూతలు మయదానవుడు నిర్మించిన బిలమునే ప్రవేశించిరి గదా! చిక్కు ప్రవేశించుటలో లేదు.

దప్పిగొన్న వానరులు, తడిసిన రెక్కలతో పక్షులు వెలువడుట చూచి, ఒకరినొకరు పట్టుకొని ఆ చీకటిలో నడిచిరి. లోపల బంగారు వృక్షములు, మధుర ఫలములు, చల్లని నీరు, స్వయంప్రభ ఆతిథ్యము. ఏ లోటును లేదు. సుగ్రీవుడిచ్చిన నెల గడువు మాత్రము అచ్చటనే జారిపోయెను. ఘారాపురి యాత్రికుడైనను తిరుగు పడవ వేళను మరువడు!

తపస్విని కన్నులు మూయించి వారిని వెలుపలికి చేర్చగా, ఎదుట మహాసముద్రము. రాజదండనకు వెరచిన తారుడు మరల ఆ బిలముననే దాగి బ్రతుకుదమనెను. అంగదునంతటివానికిని ఆ మాట రుచించెను. అప్పుడు హనుమ, లక్ష్మణుని బాణములకు ఈ బిలము ఆకుదొన్నె వంటిదని హెచ్చరించెను.

వానరులు లోనికి పోలేదు. తీరముననే ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. వింధ్యగుహ నుండి సంపాతి వెలువడగా, సీతమ్మ జాడ వారికి తెలిసినది అచ్చటనే.