కాపెల్‌లో ఇల్లు కొనాలా అని అడిగిన చిన్నోడికి

పలమనేరు



నువ్వు పంపిన ఇంటి ఫోటోలు మీ పెద్దమ్మా నేనూ చూశాం. టెక్సాస్‌లో ఇప్పుడుంటున్న ఇర్వింగ్ వదిలి పక్కనున్న కాపెల్‌కు మారాలా వద్దా, మీరెట్లా చెప్తే అట్లా చేస్తాను పెదనాయనా అని రాశావు. అంత గౌరవం ఇచ్చినందుకు సంతోషమే గానీ, తేల్చుకోవాల్సింది నువ్వూ కోడలూ. నాకు తోచింది మాత్రం దాచకుండా రాస్తాను.

2020 జనాభా లెక్కల ప్రకారం కాపెల్‌లో ఉన్నోళ్లు 43 వేల లోపు. మన పలమనేరు 2011 నాటికే 50 వేలు దాటింది. నువ్వు పోవాలనుకునేది మన ఊరికంటే చిన్న ఊరన్నమాట. అయితే మన ఊరికి ఎవరైనా వచ్చి బతకొచ్చు. బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన రైతుకూ, ముళబాగిలు నుంచి వచ్చిన వ్యాపారికీ, గుడియాత్తం నుంచి వచ్చిన కూలికీ ఎవరి తాహతుకు తగ్గ గది వాళ్లకు దొరుకుతుంది. నువ్వు చెప్పిన ధరలు చూస్తే కాపెల్‌లో అట్లా కుదరదు. అక్కడి బళ్లో కొత్తగా చేరిన టీచరమ్మకు ఆ ఊళ్లో ఇల్లు కొనే స్తోమత ఉందా? మీ ఇల్లు తుడిచే మనిషి ఏ ఊరినుంచి వస్తుంది? ఈ రెండూ కనుక్కో. ఊరి గురించి నీ ఏజెంటు చెప్పని సంగతి అందులోనే తెలుస్తుంది.

నువ్వు చూపిన కారణం పిల్లవాడి చదువు. జీవితమంతా బళ్లోనే గడిపినవాణ్ణి గనక దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను. కాపెల్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మంచి పేరుంది, కాదనను. కానీ ఆ డిస్ట్రిక్ట్ హద్దూ ఊరి హద్దూ ఒకటి కాదు. ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో కొంత భాగం, డాలస్ నగరం కిందికొచ్చే సైప్రస్ వాటర్స్ కూడా ఆ డిస్ట్రిక్ట్‌లోవే. నువ్వు ఇప్పుడు అద్దెకుండేది వ్యాలీ రాంచ్‌లోనే, మనవడు పోతున్నదీ కాపెల్ డిస్ట్రిక్ట్ బడికే. మరి బడి కోసం మారుతున్నాం అనే మాట ఎట్లా నిలబడుతుంది?

మంచి చిరునామా కావాలనుకోవడం తప్పు కాదు నాయనా. మీ నాయన కయ్యలో ఎండకు మాడి నిన్ను చదివించాడు. కొడుకు పెద్ద ఇల్లు కొన్నాడంటే ఆయన మార్కెట్ యార్డులో పదిమందికీ చెప్పుకుంటాడు, చెప్పుకోనీ. కానీ ఆ కోరికకు బిడ్డ చదువని పేరు పెట్టొద్దు. అట్లా పేరు పెడితే ఆ అప్పు బిడ్డ నెత్తిన పడుతుంది. రేపు వాడికి నాలుగు మార్కులు తగ్గితే, నీ కోసమే కదరా ఇంత దూరం వచ్చింది అనే మాట నీ నోటినుంచే వస్తుంది.

ఆ మాట విన్న పిలకాయల్ని నేను చూశాను. మా బళ్లో చదివే పిల్లవాణ్ణి, కయ్య అమ్మి తిరుపతి హాస్టల్లో వేశారు. దసరా సెలవులకు వచ్చినప్పుడు చూడబోయాను. వాళ్లమ్మ ఇద్దరికీ సంగటి ముద్ద, ఊరుబిండి పెట్టింది. ఏం చదువుతున్నావు నాయనా అని అడిగితే, మా నాయన ఎంత కట్టాడో తెలుసా సార్ అని మొదలుపెట్టి ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఫీజు, పుస్తకాల ఖర్చు వరసగా చెప్పాడు. ఒక్క పాఠం పేరూ ఎత్తలేదు. ఏడో తరగతి పిల్లవాడికి ఆ లెక్కంతా నోటికి రావడం చూసి నాకు ముద్ద దిగలేదు.

నీకు గుర్తుందో లేదో, నీకు భిన్నాలు రానప్పుడు నేర్పింది నేను కాదు, టమాటా మండీలో లెక్కలు రాసే గుమాస్తా కొడుకు. నీ పక్కన కూర్చున్నవాడు మట్టిబొమ్మలు చేసే ఇంటివాడు. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఎవరి కష్టమెంతో చెప్పకుండానే తెలిసేది. అందరి తల్లిదండ్రులూ కంప్యూటర్ల ముందు కూర్చునే వీధిలో పెరిగితే మనవడికి ఆ తెలివిడి ఎక్కడినుంచి వస్తుంది? నాకున్న పెద్ద బెంగ ఇదే.

ఇక దుడ్ల సంగతి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదని సంబరపడతారు గానీ, ఇంటి పన్ను ఏటా ఇంటి విలువలో రెండు శాతం దగ్గర్లో ఉంటుంది. ఆరు లక్షల డాలర్ల ఇంటికి ఏటా పన్నెండు వేలు. అప్పు తీరినా ఆ పన్ను తీరదు. నువ్వు రాసిన కంతు ఇద్దరి జీతాలూ కలిస్తేనే తీరేది. నీది ఇంకా హెచ్-1బీ వీసా. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాలి. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వని పద్ధతిలో నీ వంతు ఎప్పుడొస్తుందో, అప్పటికి మనవడికి 21 దాటి నీతోపాటు గ్రీన్‌కార్డు రాకుండా పోతుందేమో. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించిన రాత్రి మీరిద్దరూ కునుకు తీయలేదని కోడలు చెప్పింది. అప్పటికే అక్కడున్నవాళ్లకు వర్తించదని తెలిసేదాకా మాకూ ఇక్కడ నిద్ర లేదు. అంత అప్పు మెడలో ఉండగా అట్లాంటి రాత్రి మళ్లీ వస్తే?

ఉన్నచోటు వదలడమే తప్పని నేననను. కౌండిన్య అడవి అంచున కయ్యలున్న మనవాళ్లు కొందరు ఏనుగుల బాధ పడలేక పలమనేరు వచ్చేశారు. వాళ్లను నేనే రమ్మన్నాను. గత్యంతరం లేని వలసకు సలహా అక్కర్లేదు. నీకు ఇప్పుడున్న చోట ఏ బాధా లేదు కాబట్టే ఇంత రాస్తున్నాను.

పేరున్న ఊరి బడి శాశ్వతమనీ అనుకోవద్దు. పిల్లలు తగ్గారని మీ దగ్గర్లోని ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు బళ్లు మూసేయాలని తీర్మానించింది. అదే ఏడు కాపెల్ డిస్ట్రిక్ట్ కూడా పింకర్టన్ ఎలిమెంటరీని మూసేయాలని నిర్ణయించింది. ఇళ్ల ధరలు పెరిగితే చిన్నపిల్లలున్న జంటలు రాలేరు, వాళ్లు రాకపోతే బళ్లో పిల్లలెక్కడినుంచి వస్తారు?

నా తీర్పు ఇది: ఇప్పుడు ఆ ఇల్లు కొనొద్దు. వ్యాలీ రాంచ్‌లోనే ఉండండి. కొనక తప్పదనుకుంటే ఒక్క జీతంతో కంతు తీరే ఇల్లు చూడు, చిన్నదైనా సరే. ఎక్కడున్నా బాడుగకు దిగిన మనిషిలా ఉండొద్దు. నీకు ఓటు లేకపోయినా స్కూలు బోర్డు సమావేశంలో కూర్చోవచ్చు, లైబ్రరీలో జీతం లేని సేవ చేయొచ్చు. ధనిక స్కూల్ డిస్ట్రిక్టుల పన్నులో కొంత బీద డిస్ట్రిక్టులకు మళ్లించే చట్టం 1993 నుంచి టెక్సాస్‌లో ఉంది. మన డబ్బు పక్కోళ్లకు పోతోందని సణిగే గుంపులో చేరొద్దు. నిన్ను చదివించింది ఎవరో కట్టిన పన్నే.

ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు కోడలి చేత ఒక్క జీతం లెక్క రాయించు. రాసింది నాకు పంపు. శనివారం ఫోన్ చేసి మనవడికివ్వు, వాడేమనుకుంటున్నాడో నేనే అడుగుతాను.

ఇట్లు,
పెదనాయన